పసుపుతో ఫొటో ప్రింట్ చేసే కిట్: చట్రం బంగారం, పుస్తకాన్ని మాత్రం నమ్మకండి

మొక్కల రంగును కాగితానికి పూసి, ఎండలో పెట్టి ఫొటో తెప్పించే పద్ధతిని ఆంథోటైప్ అంటారు. దానికి సంబంధించిన కిట్ ఒకటి తెప్పించుకుని రెండు నెలలుగా వాడుతున్నాను. పెట్టెలో చెక్క చట్రం, పది వాటర్‌కలర్ కాగితాలు, స్పాంజి బ్రష్, పసుపు, పాలకూర, బీట్‌రూట్ పొడులు, కొంచెం వెలిగారం, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి.

ముందుగా చట్రం గురించే చెప్పాలి. ముందువైపు అసలైన గాజు. వెనక పలక మధ్యలో కీలు ఉండి రెండుగా తెరుచుకుంటుంది. ఒక సగాన్ని బిగించి ఉంచి, రెండో సగం ఎత్తి రంగు ఎంత వెలిసిందో చూసుకోవచ్చు. లోపల కాగితం మీద పెట్టే ఫిల్మ్, అంటే ఫొటో ముద్రించిన పారదర్శక షీటు, ఇసుమంత కూడా కదలదు. ఇదివరకు రెండు గాజు పలకలకు క్లిప్పులు పెట్టి తంటాలు పడేదాన్ని. తీసి చూసిన ప్రతిసారీ కాగితం జరిగి బొమ్మ రెండుగా పడేది. ఈ చట్రంలో ఒక్క ప్రింట్ కూడా అలా పాడవలేదు.

పుస్తకం విషయంలోనే నాకు చాలా బాధ. మా నానమ్మ ఫొటో వేద్దామని, అందులో రాసినట్టే ఫిల్మ్ మీద నెగెటివ్ (నలుపు తెలుపులు తారుమారైన బొమ్మ) తీయించాను. చట్రం తెరిస్తే ఆవిడ తెల్లజుట్టు ముదురుగా, కళ్లకింద నీడలు తెల్లగా వచ్చాయి. ఆంథోటైప్‌లో ఎండ రంగును వెలిసిపోయేలా చేస్తుంది. ఫిల్మ్ మీద నలుపు ఉన్నచోటే రంగు మిగులుతుంది. కాబట్టి నెగెటివ్ కాదు, మామూలు ఫొటోనే ఫిల్మ్ మీద కావాలి. ఇంత మొదటి మాటే తప్పు రాస్తే కొత్తవాళ్ల గతేంటి?

పసుపును నీళ్లలో కలపమన్నారు. పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, స్పిరిట్‌లో చక్కగా కరుగుతుంది. నేను రెండు చెంచాల పొడిని 50 మిల్లీలీటర్ల సర్జికల్ స్పిరిట్‌లో పావుగంట నానబెట్టి, పలచటి గుడ్డలో వడగడుతున్నాను. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోండి. పూసిన కాగితాన్ని చీకట్లో ఆరబెట్టాలి. మంచి ఎండలో నాకు రెండు గంటలు చాలింది. ఆ తర్వాత వెలిగారం నీళ్లలో ముంచాలి. సున్నం తగిలిన పసుపు ఎర్రబడినట్టే, మిగిలిన పసుపు ఇటుకరంగుకు తిరుగుతుంది. అంతవరకూ లీలగా ఉన్న నానమ్మ కళ్లజోడు అంచు, నుదుటి ముడతలు ఒక్కసారిగా తేలాయి. నాకు నోట మాట రాలేదు.

పాలకూర పొడి పనికిరాలేదు. తాజా ఆకు నూరి పిండిన రసంతో బొమ్మ వచ్చింది కానీ తొమ్మిది రోజులు పట్టింది. పుస్తకంలో అన్ని రంగులకూ ‘సగం రోజు’ అనే ఉంది. బీట్‌రూట్ ఇంకా సరిగా ప్రయత్నించలేదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు, వెలిగారం నీళ్లలో ముంచితే ప్రింట్ శాశ్వతమవుతుందని రాయడం. అది నమ్మి నానమ్మ బొమ్మను కిటికీ ఎదుటి గోడకు తగిలించాను. మూడు వారాల్లో ముఖం చెరిగిపోయింది. వెలిగారం రంగు మారుస్తుందే గానీ ఎండ నుంచి కాపాడదు. ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లోనే పూల రసాలతో ఈ ప్రయోగాలు చేసి అక్కడి శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి వివరించారు. అదే ఏడాది ఆయన కనిపెట్టిన సైనోటైప్ నీలి బొమ్మను నీళ్లతో కడిగితే నిలుస్తుంది. మొక్కల రంగు బొమ్మను అలా నిలబెట్టే మందు ఈనాటికీ లేదు. ఈ మాట పెట్టె మీదే పెద్ద అక్షరాల్లో రాయాలి. అమ్మినవాళ్లకు ఇదంతా రాసి పంపాను, జవాబు లేదు.

అది చెరిగాక మళ్లీ వేసిన నానమ్మ బొమ్మను, వేసిన రోజే స్కాన్ చేసి, ఆల్బమ్‌లో నల్ల కాగితాల మధ్య దాచాను.

పొడుల కోసమైతే ఈ కిట్ కొనకండి, అవి ఇంట్లో ఉన్నవే. చట్రం విడిగా దొరికితే అదొక్కటే తీసుకోండి. ఐదుకి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను, అవన్నీ చట్రానికే. పుస్తకం సరిచేసి అచ్చువేస్తే వచ్చి ఇంకొకటి కలుపుతాను.