లాగ్ ఫార్వర్డింగ్‌కు ఏ క్యూ మేలు? డిస్క్-అసిస్టెడా, పూర్తి డిస్కా?

విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల దగ్గర్నుంచి గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల దాకా, సర్వర్లు చూసుకునే మిత్రులు ఈ మధ్య తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "లాగ్‌లన్నీ హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉన్న సెంట్రల్ సర్వర్‌కు పంపాలి. మధ్యలో నెట్ పోయినా ఒక్క లాగ్ కూడా పోకూడదు. ఆర్‌సిస్‌లాగ్‌లో ఏ క్యూ పెట్టాలండీ?" లాగ్ అంటే సర్వర్‌లో జరిగినదాన్ని రాసుకునే రికార్డు లైను, ఆర్‌సిస్‌లాగ్ వాటిని పంపే లైనక్స్ ప్రోగ్రామ్, క్యూ అంటే పంపేదాకా లాగ్‌లు ఆగి ఉండే వరుస. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లను 180 రోజులు మన దేశంలోనే ఉంచాలన్న నిబంధన వచ్చాక ఈ టెన్షన్ ఇంకా పెరిగింది.

మెమరీ క్యూ ఒక్కటే పెట్టుకోవడం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. నెట్ కాసేపు పోతే నిండిపోతుంది, మెషిన్ ఆగితే అందులో ఉన్నదంతా పోతుంది. యూడీపీ (అందిందో లేదో చూడకుండా పంపే పద్ధతి) మీద పంపేవాళ్లకు ఏ క్యూ పెట్టినా ఉపయోగం లేదు. అవతల ఎవరూ లేరన్న సంగతి పంపేవాడికి తెలియనే తెలియదు కాబట్టి క్యూలో ఆపి ఉంచే సందర్భమే రాదు. ప్రోటోకాల్ రాయకపోతే ఆర్‌సిస్‌లాగ్ యూడీపీనే ఎంచుకుంటుంది. ముందు కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ లైను చూసుకోండి.

అసలు పోటీ రెండింటి మధ్యే. డిస్క్-అసిస్టెడ్ క్యూ మామూలుగా మెమరీలో నడుస్తుంది, ఒక హద్దు దాటాకే డిస్క్ మీదకు వెళ్తుంది. లింక్‌డ్‌లిస్ట్ రకం పెట్టి ‘క్యూ.ఫైల్‌నేమ్’ ఇస్తే చాలు, అదే డిస్క్-అసిస్టెడ్ అయిపోతుంది. పూర్తి డిస్క్ క్యూలో ప్రతి లాగ్ ముందు డిస్క్ మీద పడుతుంది, ఆ తర్వాతే బయటికి పోతుంది.

వినగానే రెండోదే భద్రం అనిపిస్తుంది. కానీ డిఫాల్ట్ సెట్టింగ్‌లతో అదీ కరెంటు కోతకు తట్టుకోదు. రాసిన డేటా కాసేపు ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌లోనే ఉంటుంది. దానికి తోడు ఏ ఫైల్‌లో ఎంతవరకు చదివామన్న లెక్క ఉండే చిన్న ‘.క్యూఐ’ ఫైల్, చెక్‌పాయింట్ ఇంటర్వెల్ (ఎన్ని లాగ్‌లకోసారి ఆ లెక్క రాయాలో చెప్పే సెట్టింగ్) సున్నా ఉన్నంతకాలం, సర్వీస్ సక్రమంగా ఆగినప్పుడే రాయబడుతుంది. ఒక్కసారిగా కరెంటు పోతే క్యూ ఫైళ్లు డిస్క్ మీద ఉంటాయి, వాటి లెక్క మాత్రం ఉండదు. అప్పుడు రికవరీ స్క్రిప్ట్‌తో ఆ ఫైల్‌ను మళ్లీ తయారు చేసుకోవాలి. నిజంగా గట్టిగా ఉండాలంటే, రాసినదాన్ని క్యాష్‌లో ఆపకుండా డిస్క్ మీదకు చేర్చే ‘సింక్‌క్యూఫైల్స్’ ఆన్ చేసి, చెక్‌పాయింట్ ఇంటర్వెల్ 1 పెట్టాలి. అప్పుడు క్యూ ఎంత నెమ్మదిస్తుందంటే, రద్దీ ఉన్న బిల్లింగ్ సర్వర్ మీద దాన్ని నడపమని నేను చెప్పను.

అందుకే నేను డిస్క్-అసిస్టెడ్ వైపే. మన ఊళ్లలో ఎక్కువగా పోయేది లింకు. రోడ్డు తవ్వినప్పుడు ఫైబర్ తెగుతుంది, గాలివానకు కేబుల్ పడుతుంది. కరెంటు పోతే సర్వర్‌కు యూపీఎస్ ఉంటుంది. బ్యాటరీ తగ్గగానే సర్వర్ సక్రమంగా షట్‌డౌన్ అయ్యేలా కట్టి, ‘సేవ్‌ఆన్‌షట్‌డౌన్’ ఆన్ చేస్తే మెమరీలో ఉన్నది కూడా డిస్క్‌లోకి చేరుతుంది. అది కూడా దాటి ప్రమాదవశాత్తూ మెషిన్ ఆరిపోయినా, యాక్షన్ క్యూ (లాగ్‌లను బయటికి పంపే పనికి పెట్టిన ఈ క్యూ) డిఫాల్ట్ పరిమాణం 1000 లాగ్‌లే కాబట్టి మెమరీలో పోయేది ఆ మేరకే. దాన్ని అనవసరంగా లక్షల్లోకి పెంచకండి. చెక్‌పాయింట్ ఇంటర్వెల్‌ను ఈ డిస్క్-అసిస్టెడ్ క్యూలో వందో రెండొందలో పెట్టండి. యూపీఎస్ లేని చోట, లాగ్‌ల రద్దీ తక్కువైన చోట మాత్రం పూర్తి డిస్క్ క్యూకు నా అభ్యంతరం లేదు.

ఇంతవరకు అందరూ చర్చించేదే. నా దృష్టిలో తేల్చాల్సిన విషయం వేరే ఉంది. లాగ్ చేరిందని క్యూకు ఎవరు చెబుతున్నారు?

మామూలు టీసీపీలో (ముందు కనెక్షన్ పెట్టుకుని పంపే పద్ధతి) ఆ మాట చెప్పేది అవతలి సర్వర్ కాదు, మన మెషిన్ కెర్నెలే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమే. డేటా దాని సెండ్ బఫర్‌లో (పంపేముందు తాత్కాలికంగా ఉంచే మెమరీలో) పడగానే ఆర్‌సిస్‌లాగ్ పని అయిపోయిందనుకుని దాన్ని క్యూలోంచి తీసేస్తుంది. ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో వేసి, చేరిందని రిజిస్టర్‌లో రాసుకున్నట్టు. లింకు తెగిన క్షణంలో ఆ బఫర్‌లో ఉన్నవన్నీ డిస్క్ క్యూ చేతులు దాటిపోయినవే. ఆర్‌సిస్‌లాగ్ రూపకర్త రైనర్ గెర్హార్డ్స్ 2008లోనే ఈ లోపం గురించి వివరంగా రాశారు.

తెగిన లింకు త్వరగా తిరిగొస్తే టీసీపీయే మళ్లీ పంపుకుంటుంది. లైనక్స్ డిఫాల్ట్‌లో దాదాపు 15 నిమిషాలు ప్రయత్నిస్తుంది. కానీ మన బ్రాంచ్ ఆఫీసుల్లో జరిగేది వేరు. కరెంటు పోయి రౌటర్ రీబూట్ అవుతుంది, బ్రాడ్‌బ్యాండ్‌కు కొత్త ఐపీ వస్తుంది, పాత కనెక్షన్ అక్కడితో చచ్చిపోతుంది. బఫర్‌లోని లాగ్‌లు ఎక్కడా ఎర్రర్ చూపకుండా మాయమవుతాయి. విచారణ రోజున వెతికేది సరిగ్గా ఆ నిమిషంలోని లాగ్‌లనే.

అందుకే నా ఓటు రెల్ప్‌కు, అంటే లాగ్‌లు నమ్మకంగా చేరవేయడానికి చేసిన ప్రోటోకాల్‌కు. అందులో అవతలి ఆర్‌సిస్‌లాగ్ అందినట్టు జవాబివ్వాలి. జవాబు రాని లాగ్‌లను పంపేవాడు దాచుకుని, కనెక్షన్ రాగానే మళ్లీ పంపుతాడు. దానివల్ల ఒక్కోసారి ఒకే లైను రెండుసార్లు రావచ్చు. పోవడం కంటే రెండుసార్లు రావడం నయం. అలా దాచుకున్న కొద్ది లాగ్‌లూ మెమరీలోనే ఉంటాయి కాబట్టి యూపీఎస్ ఇక్కడా అవసరమే. అందుకునే సర్వర్‌లో కూడా డిస్క్-అసిస్టెడ్ క్యూ ఉండాలి, లేకపోతే జవాబిచ్చాక అక్కడే పోవచ్చు. రెల్ప్ తెలియని ఫైర్‌వాల్‌లు, స్విచ్‌ల కోసం బ్రాంచ్‌లోనే ఒక చిన్న లైనక్స్ మెషిన్ పెట్టి, లోపలి నెట్‌వర్క్‌లో వాటి లాగ్‌లు అందుకుని, బయటికి రెల్ప్ మీద పంపించండి. పబ్లిక్ ఇంటర్నెట్ మీదుగా వెళ్తే టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్ట్ చేయడం) తప్పనిసరి.

మిగతా సెట్టింగ్‌లలో రెండిటి దగ్గర జాగ్రత్త. పంపడం కుదరకపోతే ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలో చెప్పే ‘రెజ్యూమ్‌రీట్రైకౌంట్’ డిఫాల్ట్ సున్నా. దాన్ని మైనస్ ఒకటి (ఎన్నిసార్లయినా) చేయకపోతే పంపలేని లాగ్‌ను క్యూలో ఉంచకుండా వదిలేస్తుంది, డిస్క్ పెట్టి ఉపయోగం ఉండదు. రెండోది, క్యూ నిండాక ఏం జరగాలన్నది. డిఫాల్ట్‌లో ఒక్కో లాగ్‌కు 2 సెకన్లు ఆగి చూస్తుంది. ఆ ఆలస్యం వెనక్కి పాకి చివరికి లాగ్ రాసే ప్రోగ్రామ్‌లు కూడా నిలిచిపోతాయి, దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ కూడా కష్టమవుతుంది. ఆసుపత్రి సర్వర్ అయితే ఆ టైమవుట్ సున్నా పెట్టండి. క్యూ నిండితే కొత్త లాగ్ పోతుంది గానీ రోగి బిల్లు ఆగదు. లోకల్ ఫైల్‌లో ఎలాగూ ఒక కాపీ ఉంచుకుంటాం.

నిండకుండా ఉండటానికి డిస్క్ ఎంత ఇవ్వాలో లెక్క వేసుకోండి. సెకనుకు 50 లాగ్‌లు, ఒక్కోటి 300 బైట్లు అనుకుంటే రోజుకు దాదాపు 1.3 జీబీ. క్యూ ఫైల్‌లో ప్రతి లాగ్‌తో అదనపు వివరాలు కూడా ఉంటాయి కాబట్టి రెట్టింపు వేసుకోవాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటప్పుడు పై అంతస్తులో జనరేటర్ మీద నడిచే సర్వర్‌కు లింకు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. నేనైతే వారం రోజులకు సరిపడా, అంటే పై లెక్కకు 20 జీబీ, విడి పార్టిషన్‌లో ఇస్తాను. క్యూ వాడగల గరిష్ఠ డిస్క్, అంటే ‘మ్యాక్స్‌డిస్క్‌స్పేస్’, దానికంటే కొంచెం తక్కువ పెడతాను. వారం తర్వాత ఒక్కసారిగా వచ్చే లాగ్‌లు అందిన సమయంతో కాక పుట్టిన సమయంతో నిల్వయ్యేలా అవతల చూసుకోవాలి. పంపేటప్పుడు ఏడాది, టైమ్‌జోన్ ఉన్న ఫార్మాట్ వాడాలి.

ఆర్‌సిస్‌లాగ్ బదులు సిస్‌లాగ్-ఎన్‌జీ వాడేవాళ్లకు డిస్క్-బఫర్‌లో ‘రిలయబుల్’ ఆప్షన్ ఉంది, బాగానే పనిచేస్తుంది. మామూలు టీసీపీ మీద పంపితే పైన చెప్పిన చిక్కు దానికీ ఉంటుంది. ఇలాంటిదే ఇంకో ప్రోగ్రామ్ ఫ్లూయెంట్ బిట్‌లో ఫైల్‌సిస్టమ్ స్టోరేజ్ పెట్టుకోవచ్చు. కంటైనర్లు ఉంటే అదే తేలిక. అందులో రీట్రై పరిమితి డిఫాల్ట్ ఒక్కటే, దాన్ని తీసేయడం మరవద్దు.

ఏది పెట్టినా పరీక్షించాకే నమ్మండి. అవతలి సర్వీస్‌ను ఆపి చూస్తే సరిపోదు, అప్పుడు పంపేవాడికి వెంటనే తెలిసిపోతుంది. లాగర్ కమాండ్‌తో 1 నుంచి 10,000 దాకా నంబర్లు వేసి లాగ్‌లు పంపుతూ, మధ్యలో ఫైర్‌వాల్‌లో డ్రాప్ రూల్ (ప్యాకెట్లను జవాబివ్వకుండా పారేసే నియమం) పెట్టండి. అవతలి సర్వర్‌ను రీబూట్ చేయండి. తర్వాత రూల్ తీసి, చేరిన నంబర్లలో ఏవి లేవో చూడండి. ఇదే పరీక్ష ముందు మామూలు టీసీపీతో, తర్వాత రెల్ప్‌తో చేసి రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకోండి.