త్రాటకమా, భ్రామరా: ఏది మేలు?

యోగంలో ఇంద్రియాలను బయటి విషయాల నుంచి వెనక్కి మళ్లించడాన్ని ప్రత్యాహారం అంటారు. ఆ మాట అనగానే ఇంద్రియాలను బలవంతంగా కట్టేయడమే అనుకుంటారు చాలామంది. పతంజలి మరో దారి కూడా చూపించాడు. ఏదో ఒక ఇంద్రియం తన విషయాన్ని సూక్ష్మంగా పట్టుకుంటే మనసూ అక్కడే నిలుస్తుందని యోగసూత్రాల సమాధిపాదం (1.35) చెబుతుంది. మరి కొత్తవారు కంటితో మొదలుపెట్టాలా, చెవితోనా? కంటికి త్రాటకం (దీపాన్ని రెప్ప వేయకుండా చూడడం) ఉంది, చెవికి భ్రామరి (తుమ్మెదలా ఝుంకారం చేయడం) ఉంది. రెండూ హఠయోగ ప్రదీపిక అనే యోగ గ్రంథంలో చెప్పినవే.

త్రాటకానికి కాస్త ఏర్పాటు కావాలి. దీపం కంటి ఎత్తులో, చేయి చాపినంత దూరంలో ఉండాలి. ఫ్యాను ఆపాలి, మే నెల విజయవాడలో అదే పెద్ద తపస్సు! రెప్ప వేయకుండా వత్తి కొసనే చూస్తుంటే కళ్లు చురచురలాడి నీళ్లు కారతాయి. గ్రంథం చెప్పిన హద్దు కూడా అదే. అప్పుడు కళ్లు మూస్తే రెప్పల వెనక జ్వాల ఆకారం కనబడుతుంది. దైవదర్శనమని మురిసిపోకండి, అది రెటీనా అలసట. కానీ చూపు ఏమాత్రం కదిలినా ఆ బొమ్మా కదులుతుంది. నిలకడ ఎంతో అక్కడికక్కడే తేలిపోతుంది. ఈ ఒక్క విషయంలో భ్రామరి దీనికి సాటిరాదు.

భ్రామరికి ఏ సరంజామా అక్కర్లేదు. బొటనవేళ్లతో చెవులు మూసి, పెదవులు కలిపి, పళ్లు మాత్రం కాస్త ఎడంగా ఉంచి, ముక్కుతో గాలి వదులుతూ తుమ్మెదలా ఝుంకారం చేయడమే. చెవులు మూయడంతో మన నాదమే పెద్దదై పుర్రె అంతా మోగుతుంది. పక్కింటి టీవీ ఉన్నా లేనట్టే. నిశ్వాసం దానంతటదే పొడవుగా సాగుతుంది. ఆపాక లోపలి శబ్దాలు వినే నాదానుసంధానం వేరే సాధన. అందులో ముందు సముద్రఘోష, భేరి, ఆ పైన శంఖం, గంట, చివరికి వీణ వినబడతాయంటారు. మొదటి రోజే వీణ విన్నామనేవారిని నేను నమ్మను.

పోనీ ముక్కుతో మొదలుపెడదామంటే, అగరుబత్తి వాసన మీద మనసు నిలపడం అంత సులువు కాదు. కాసేపటికే ముక్కు దానికి అలవాటుపడిపోతుంది.

రోజంతా కంప్యూటర్ ముందు గడిపేవారికి నా ఓటు భ్రామరికే. అలసిన కళ్లకు మళ్లీ పని చెప్పడం దేనికి? గ్లకోమా, మూర్ఛ ఉన్నవారు దీపం జోలికి పోకూడదు. చెవిపోటు ఉంటే భ్రామరి ఆపాలి. కూర్చోగానే కునుకు పట్టేవారికి మాత్రం తెల్లవారుజామున త్రాటకమే సరి. రెండూ చేయాలనుకుంటే త్రాటకం ముందు, భ్రామరి తర్వాత. నీళ్లు కారిన కళ్లు ఎలాగూ మూసుకునే ఉంటాయి.