అద్దం మార్చి కెమెరాను వదిలేస్తున్నారు: విజయవాడ, గుంటూరు అడాస్ కార్ల వాళ్లకు హెచ్చరిక

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల అడాస్ (లేన్ తప్పితే హెచ్చరించి స్టీరింగ్ సర్ది, అవసరమైతే తనంతట తానే బ్రేకు వేసే వ్యవస్థ) ఉన్న కారు నడుపుతున్నవాళ్లు, అలాంటి కారు సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్లు ఇది చదివాకే వర్క్‌షాపుకు వెళ్లండి. ముందు అద్దం పగిలితే కొత్తది వేసి ఇస్తున్నారు. లోపలి మిర్రర్ వెనకాల అద్దాన్ని ఆనుకుని ఉండే అడాస్ కెమెరాను మాత్రం కొన్నిచోట్ల పాత అద్దం నుంచి ఊడదీసి కొత్తదానికి తగిలించి, అంతటితో పని అయిపోయిందంటున్నారు. క్యాలిబ్రేషన్, అంటే కొత్త అద్దం మీద కెమెరా చూపును మళ్లీ సరిగ్గా గురిపెట్టే పని, చేయట్లేదు.

ఈమధ్య విజయవాడలో ఒక ఎస్‌యూవీకి అచ్చం ఇలాగే జరిగింది. టిప్పర్ నుంచి కంకర రాయి ఎగిరిపడి అద్దం చీలింది. క్యాష్‌లెస్‌లో కొత్త అద్దం పడింది. బిల్లులో క్యాలిబ్రేషన్ అన్న మాటే లేదు, డ్యాష్‌బోర్డులో ఏ లైటూ వెలగలేదు. ఎన్‌హెచ్-16 ఎక్కాక లేన్ మధ్యలో పోతున్న బండిని స్టీరింగ్ డివైడర్ వైపు లాగడం మొదలుపెట్టింది. వంపు తిరుగుతుంటే పక్క లేన్లో పోయే లారీని ఎదుటి బండి అనుకుని బ్రేకు వేసింది. వెళ్లి అడిగితే వచ్చిన సమాధానం: "మన రోడ్లకు అడాస్ పనికిరాదు సార్, ఆఫ్ చేసుకోండి." వెనకాల లారీ దగ్గరగా వస్తున్నప్పుడు ముందు ఏమీ లేకుండా బ్రేకు పడితే ఏమవుతుందో హైవే మీద తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు.

కెమెరా దూరం, దిశ లెక్కగట్టేది తాను ఏ కోణంలో కూర్చుందన్న దాన్ని బట్టే. కెమెరాను పట్టుకోవడానికి అద్దం లోపల అతికించి ఉండే బ్రాకెట్ 6 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకోండి. దాని ఒక చివర 1 మిల్లీమీటరు ఎత్తుగా కూర్చుంటే కోణం దాదాపు 1 డిగ్రీ మారుతుంది. 1 డిగ్రీ తేడా 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్లు అవుతుంది. మన హైవేల్లో లేన్ వెడల్పు 3.5 మీటర్లు. అంటే కెమెరా ఇంచుమించు సగం లేన్ పక్కకు చూస్తోందన్నమాట. ఆ కోణం పైకో కిందికో తప్పితే ఎదుటి బండి దూరం తప్పుగా తేలుతుంది, బ్రేకు ఆలస్యంగానో అనవసరంగానో పడొచ్చు.

లైటు వెలగలేదు కదా అని ధైర్యపడొద్దు. వైరు ఊడిందా, అద్దం మీద బురద అడ్డమొచ్చిందా, వేడెక్కిపోయిందా అన్నవి కెమెరాకు వెంటనే తెలుస్తాయి. తాను వంకరగా కూర్చున్నానని చాలా బళ్లలో దానికి వెంటనే తెలియదు. కెమెరా పాతదే కాబట్టి పాత అద్దం నాటి విలువలే నిజమనుకుని నడిచిపోతుంది. చిన్న తేడాలను నడుస్తూ సర్దుకోగలదు గానీ, దానికీ ఒక హద్దుంది. ఇంకో మోసం కూడా ఉంది. చేతి స్కానర్ పెట్టి ఫాల్ట్ కోడ్ (బండి కంప్యూటర్లో నమోదైన లోపం గుర్తు) చెరిపేసి "క్యాలిబ్రేషన్ అయిపోయింది" అంటారు. కోడ్ చెరిపితే లైటు పోతుంది, కెమెరా చూపు మాత్రం అలాగే ఉంటుంది.

అసలు పని ఎలా జరగాలంటే, ముందు నాలుగు టైర్లలో కంపెనీ చెప్పిన గాలి ఉండాలి. డిక్కీలో బరువులు తీసేయాలి. వీల్ అలైన్‌మెంట్ సరిగ్గా ఉందో లేదో చూసి, తేడా ఉంటే అది ముందే సరిచేయాలి. చాలా బళ్లలో కెమెరాను గురిపెట్టేది వెనక చక్రాలు తోసే దిశకు సరిపోయేలాగే. అందుకే క్యాలిబ్రేషన్ అయ్యాక అలైన్‌మెంట్ చేస్తే మొదటి పని వృథా. ఆ తర్వాత చదునైన నేల మీద బండి నిలబెట్టి, కంపెనీ చెప్పిన దూరంలో, ఎత్తులో టార్గెట్ బోర్డు పెట్టి, టేపుతోనో లేజర్‌తోనో కొలిచి, స్కాన్ టూల్‌తో కెమెరాకు నేర్పిస్తారు. ఇది స్టాటిక్ క్యాలిబ్రేషన్. కొన్ని మోడళ్లకు డైనమిక్ చేస్తారు: టూల్ తగిలించి, తెల్ల గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద చెప్పిన వేగంతో నడపాలి. కొన్నింటికి రెండూ కావాలి. మీ మోడల్‌కు ఏది కావాలో సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది, అడ్వైజర్‌తో తీసి చూపించమనండి. ఏటవాలు షెడ్డులో, ఎండ సూటిగా కొట్టే చోట బోర్డు పెడితే పని కుదరదు. బోర్డే లేని చోట స్టాటిక్ ఎలా చేశారని అడగండి.

కాబట్టి ఎస్టిమేట్ దగ్గరే గట్టిగా ఉండాలి. క్యాలిబ్రేషన్ చార్జీ విడిగా ఒక లైనుగా రాయించండి, బీమా కంపెనీ అప్రూవల్లో కూడా ఆ లైన్ వచ్చిందో లేదో చూసుకోండి. తర్వాత అడిగితే "క్లెయిమ్ క్లోజ్ అయిపోయింది" అంటారు. మామూలు ప్యాకేజీ (కాంప్రహెన్సివ్) పాలసీలో అద్దానికి తరుగుదల కోత లేదు. 1500 సీసీ వరకు 1000 రూపాయలు, అది దాటితే 2000 రూపాయలు కంపల్సరీ డిడక్టబుల్ మాత్రం మీరే కట్టాలి. నో క్లెయిమ్ బోనస్ పోతుందో లేదో పాలసీలో చూసుకున్నాకే క్లెయిమ్‌కు వెళ్లండి.

అద్దం ఏదైనా ఒకటే అనుకోవద్దు. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. కెమెరా బ్రాకెట్ ఫ్యాక్టరీలోనే అతికించి రావాలి, పాతదాని నుంచి పీకి గమ్ముతో అంటిస్తే ఒప్పుకోవద్దు. కెమెరా చూసే భాగంలో అద్దం అలలు లేకుండా ఉండాలి. హెడ్ అప్ డిస్‌ప్లే (వేగం లాంటి అంకెలను ముందు అద్దం మీద చూపించేది) ఉన్న బండికి దానికోసమే చేసిన అద్దం వేయాలి, లేకపోతే అంకెలు రెండేసి కనిపిస్తాయి. అద్దం పట్టుకునే గమ్ము ఆరడానికి ఎంతసేపు పడుతుందో అడగండి, ఆ సమయం అయ్యేదాకా బండి కదపనివ్వొద్దు. చాలా బళ్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నప్పుడు ఆనుకునేది ముందు అద్దానికే. గమ్ము పచ్చిగా ఉంటే ఆ అద్దం నిలబడదు.

డెలివరీ అప్పుడు అడగాల్సిన కాగితం క్యాలిబ్రేషన్ రిపోర్టు. అందులో మీ ఛాసిస్ నంబరు, తేదీ, పనికి ముందు, తర్వాత తీసిన స్కాన్, కెమెరా క్యాలిబ్రేషన్ పూర్తయినట్టు ఫలితం ఉండాలి. నోటిమాట, జాబ్ కార్డు మీద పెన్నుతో కొట్టిన టిక్కు చాలవు. ఫాస్టాగ్ కూడా పాత అద్దంతోనే పోతుంది. కొత్తది బ్యాంకు నుంచి తెప్పించుకోకపోతే కాజ టోల్ దగ్గర ఇబ్బంది పడతారు. దాన్ని కెమెరా చూపుకు అడ్డం రాకుండా అంటించండి. గుడి దగ్గర బండి పూజ చేయించినప్పుడు కెమెరా ముందు భాగంలో పసుపు, గంధం పడితే మెత్తటి గుడ్డతో తుడిచేయండి. బంపర్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టేటప్పుడు ఎదుటి బండి దూరం కొలిచే రాడార్ మూత మీదకు రాకుండా పక్కకు కట్టండి.

బంపర్ పని చేయించేవాళ్లకూ ఇదే గొడవ. చాలా మోడళ్లలో వెనక బంపర్ రెండు మూలల్లో లోపల బ్లైండ్ స్పాట్ (అద్దాల్లో కనపడని పక్క చోటు) చూసే రాడార్లుంటాయి. సొట్టకు మందంగా పుట్టీ పెట్టి మెటాలిక్ పెయింట్ కొడితే రాడార్ చూపు మందగిస్తుంది. బ్రాకెట్ వంగినా అంతే. రాడార్ ఉన్న చోట పుట్టీ కంటే కొత్త బంపర్ మేలు. ముందు క్రాష్ గార్డు అసలు వద్దు. అది చట్టవిరుద్ధం, పైగా రాడార్‌కు అడ్డం.

సరిగ్గా ఉందో లేదో మీరే చూసుకోవాలంటే తెల్లవారుజామున, తాడేపల్లి దాటాక గీతలు బాగా కనిపించే తిన్నటి రోడ్డు చాలు. చాలా కార్లలో లేన్ అసిస్ట్ (గీత దాటకుండా చూసేది) 60 కిలోమీటర్ల వేగం దాటాకే పనిచేస్తుంది. ముందూ వెనకా ఖాళీగా ఉన్నప్పుడు ఇండికేటర్ వేయకుండా ఒకసారి ఎడమ గీత వైపు, ఒకసారి కుడి గీత వైపు నెమ్మదిగా జరపండి. రెండువైపులా గీత నుంచి ఇంచుమించు ఒకే దూరంలో హెచ్చరిక రావాలి. ఒకవైపు తొందరగా, రెండోవైపు గీత దాటాక వస్తే కెమెరా పక్కకు చూస్తోందని అనుమానించాలి. ఆటో బ్రేకును మాత్రం మనిషిని నిలబెట్టో, అట్టపెట్టె పెట్టో పరీక్షించొద్దు.

అడాస్ పనికిరాదన్న మాట నేను ఒప్పుకోను. ఆటో బ్రేకు, బ్లైండ్ స్పాట్ రెండూ బెంజ్ సర్కిల్ రద్దీలోనూ చిలకలూరిపేట హైవే మీదా నిజంగా ఆదుకుంటాయి. రాంగ్ రూట్లో వచ్చే ఆటో, లైట్లు లేని ట్రాక్టర్ ట్రక్కు, రోడ్డు మీద పడుకున్న గేదె ఎదురైతే మాత్రం దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ముందు అద్దం మీది కంపెనీ గుర్తు, సంవత్సరం పక్క అద్దాలతో పోల్చండి. వేరుగా ఉంటే అద్దం మారి ఉండొచ్చు, రిపోర్టు అడగండి. లేదంటే క్యాలిబ్రేషన్ ఖర్చు ధరలో తగ్గించమనండి.

ఇప్పటికే అద్దం మారి అనుమానం ఉన్నవాళ్లు లేన్ అసిస్ట్, అడాప్టివ్ క్రూజ్ (ఎదుటి బండిని బట్టి వేగం తానే మార్చుకునేది) వాడకండి. ఊరికే బ్రేకులు పడుతుంటే ఆటో బ్రేకు కూడా మెనూలో ఆపేసి, నెమ్మదిగా వర్క్‌షాపుకు తీసుకెళ్లండి. చాలా కార్లలో ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అది తిరిగి ఆన్ అవుతుంది, ప్రతిసారీ చూసుకోవాలి. వర్క్‌షాపుకు జాబ్ కార్డు నంబరు వేసి ఈమెయిల్‌లో రాయండి, ఫోన్ మాటలకు సాక్ష్యం ఉండదు. పట్టించుకోకపోతే 1915 కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, దానికి గడువు 2 ఏళ్లు. బీమా కంపెనీ క్యాలిబ్రేషన్ డబ్బు కోసేస్తే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి.