నలుగురు బలహీనులు, నాలుగు నవలలు: ఏది మేలు?

పోయిన ఏడాది చదివినవాటిలో బాగా నచ్చినవి ఏవని ఎవరైనా అడిగితే నాలుగు తెలుగు నవలల పేర్లు చెప్తాను. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, రావిశాస్త్రి ‘అల్పజీవి’, నవీన్ ‘అంపశయ్య’. అన్నీ పాతవే. వీటిలో చివరగా వచ్చిన ‘అంపశయ్య’ కూడా 1969 నాటిది. నాలుగింట్లోనూ బయట జరిగే కథ తక్కువ, మనిషి తలలో నడిచేది ఎక్కువ. నాలుగింట్లోనూ ప్రధాన పాత్ర లోకం మెచ్చే మొనగాడేం కాదు. అందుకే వీటిని పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. శైలి, కథనం, చారిత్రక ప్రాధాన్యం గురించి పెద్దవాళ్లు చాలా రాశారు. నేను చూసింది ఒక్కటే: బలహీనుడైన మనిషి పట్ల రచయిత ఎలా ఉన్నాడు?

గోపీచంద్ నిర్మొహమాటంగా ఉంటాడు. ‘ఎందుకు’ అన్న ప్రశ్న నేర్పిన తండ్రికి పుస్తకాన్ని అంకితమిచ్చిన రచయిత ఆయన. ఆ ప్రశ్న నవల పొడవునా సీతారామారావును తరుముతూనే ఉంటుంది. వంశ ప్రతిష్ఠ కోసం ఆస్తి కరగబెట్టుకుంటాడు, డబ్బు పోయాక మనుషుల్ని ద్వేషిస్తాడు, ఆ ద్వేషానికి మళ్లీ ఒక సిద్ధాంతం అల్లుకుంటాడు. చేతకానితనం ఎన్ని తెలివైన మాటల వెనక దాక్కోగలదో ఇంత బాగా చూపించిన నవల తెలుగులో నేను ఇంకొకటి చదవలేదు. రామయ్య తాతతో నడిచే చర్చలు కొన్నిచోట్ల పాఠం చెప్తున్నట్టు ఉంటాయి, అక్కడ కథ ఆగిపోతుంది. అయినా పుస్తకం చిన్నది, పట్టు సడలదు. శ్మశానంలో ముగిసే ఆఖరి పేజీలు చదివాక ఆ రోజు ఇంకేమీ చదవబుద్ధి కాలేదు. ఇబ్బంది ఎక్కడంటే, సీతారామారావు రోగం మొత్తం నాకు అర్థమైంది, అతని మీద జాలి మాత్రం పుట్టలేదు. రచయితకే పెద్దగా ఉన్నట్టు లేదు.

బుచ్చిబాబు దారి పూర్తిగా వేరు. తల్లి గురించి ఊళ్లో ఉన్న అపవాదు నీడ దయానిధిని వదలదు. ప్రేమ కావాలి, దాన్ని అందుకునే తెగువ లేదు. కోమలి, అమృతం, ఇందిర, ఒక్కొక్కరి దగ్గరా అతనికి తన గురించి ఒక్కో ముక్క తెలుస్తుంది. ఈ నవలలో కొన్ని వాక్యాల దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చోవాల్సిందే. ప్రకృతి వర్ణన కూడా మనసు వర్ణనగా మారిపోతుంది. భాష అందం ఒక్కటే చూస్తే నాలుగింట్లో మొదటి స్థానం దీనిదే, ఇందులో నాకు అనుమానం లేదు. కానీ దయానిధి బాధ మీద రచయితకు కొంచెం ముచ్చట ఎక్కువ. ఆ బాధ చుట్టూ ఉన్న ఆడవాళ్లు, ముఖ్యంగా ఇందిర, అతని ఆలోచనలకు సందర్భాలుగా మిగిలిపోతారు. రెండోసారి చదువుతున్నప్పుడు ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది.

‘అంపశయ్య’ గురించి క్లుప్తంగా చెప్పొచ్చు. ఉస్మానియాలో చదువుకునే రవి జీవితంలో ఒకే ఒక్క రోజు, పొద్దుట్నుంచి రాత్రి దాకా. పేదరికం, పరీక్షల టెన్షన్, అమ్మానాన్నల మీద అపరాధ భావం, అమ్మాయిల గురించిన ఊహలు, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. రచయిత దూరం నిలబడి చూడడు, రవి తలలోనే కాపురం ఉంటాడు. అదే దీని బలం, అక్కడక్కడా అలసట కూడా. ఇరవై ఏళ్ల వయసులో హాస్టల్ గదిలో చదివితే ఇదే అన్నిటికన్నా గొప్ప నవల అనిపిస్తుందేమో. రచయిత ఇంటిపేరుగా ఈ నవల పేరే స్థిరపడిపోవడంలో వింతేమీ లేదు.

ఇక ‘అల్పజీవి’. నా ఓటు దీనికే.

సుబ్బయ్య గుమాస్తా. ఆఫీసులో భయం, ఇంట్లో భార్య సావిత్రి ముందు భయం, వీధిలో కాంట్రాక్టర్ గవరయ్య అంటే భయం. భయపడే మనిషి మీద నవ్వడం చాలా తేలిక. రావిశాస్త్రి వ్యంగ్యంలో ఎంతటివాడో తెలిసిందే, నవ్వించాలనుకుంటే ఆయనకు అడ్డేముంది? అయినా వ్యంగ్యం సుబ్బయ్య మీదికి ఎంత దూరం వెళ్లాలో ఆయనకు తెలుసు. అసలు పదును సుబ్బయ్యను అలా తయారుచేసిన వాళ్ల మీద పడుతుంది: డబ్బున్నవాడి గొంతు, అధికారి చూపు, బంధువుల లెక్క. భయం ఒంట్లో ఎలా పాకుతుందో, ఒక చిన్న మాట సాయంత్రం దాకా తలలో ఎలా తిరుగుతుందో ఆయన రాస్తుంటే వాక్యాలే వణుకుతాయి. గొంతు తడారిపోయే ఆ క్షణాలు సీతారామారావు వాదనలకన్నా, దయానిధి చింతనకన్నా నాకు ఎక్కువ నిజంగా తోచాయి. మనలో చాలామంది బలహీనత సిద్ధాంతాల దాకా వెళ్లదు. అడగాల్సిన చోట నోరు పెగలకపోవడం దగ్గరే ఆగిపోతుంది. టీచరు మనోరమ పరిచయమయ్యాక సుబ్బయ్యలో ఇంకో మనిషి ఉన్నాడని తెలుస్తుంది. అతను మారిపోయాడని రచయిత చాటింపు వేయడు, పక్కన నిలబడి చూస్తాడు. జాలి అనే మాట కూడా దీనికి సరిపోదు, జాలిలో పైనుంచి చూడటం ఉంటుంది కదా.

లోపం లేదనను. జ్ఞాపకాలు, ఊహలు ఒకదాంట్లోకి ఒకటి జారుతుంటే మొదటి పేజీల్లో ఎవరు ఎవరో అందదు. కాస్త ఓపిక పట్టాలి. రావిశాస్త్రి తర్వాత రాసిన కథల ధాటి చూసినవాళ్లకు ఇది నెమ్మదిగా కూడా అనిపించవచ్చు. ఇది ఆయన తొలి నవల మరి.

ఈ తరహా నవల అసలు అలవాటు లేనివాళ్లు గోపీచంద్‌తో మొదలుపెట్టడం మంచిది, దారి తిన్నగా ఉంటుంది. తర్వాత ‘అల్పజీవి’. బుచ్చిబాబుకు తీరిక కావాలి, ఏ సెలవుల్లోనో పెట్టుకోండి. ‘అంపశయ్య’ను ఇంట్లో కాలేజీకి వెళ్తున్న వాళ్లెవరైనా ఉంటే ముందు వాళ్లకివ్వండి.