ముందు తెలుపు, తర్వాత ఫిల్లింగ్: 19 ఏళ్ళ నా పళ్ళ లెక్క

నా నోట్లో ఇప్పుడు మూడు రకాల ఫిల్లింగులు ఉన్నాయి. కుడివైపు కింది దవడ పన్నులో వెండిది, దానికి 19 ఏళ్ళు. ఎడమవైపు దవడ పన్నులోనూ, పై ముందు పళ్ళు రెండింటి మధ్యా పంటి రంగు కాంపోజిట్. కోరపన్ను మీద చిగురు అంచున చిన్న సిమెంట్ ముక్క. ఇవి చాలవన్నట్టు పళ్ళు తెల్లబడాలని రెండు పద్ధతులు ప్రయత్నించాను, ఒకటి క్లినిక్‌లో, ఒకటి ఇంట్లో. నేను డెంటిస్టుని కాదు. కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచిన అనుభవమే నాది, అది మాత్రం కాస్త ఎక్కువే ఉంది. వీటిలో ఒక పని వరస తప్పి చేయించుకుని ఒకే ఫిల్లింగ్‌కి రెండుసార్లు డబ్బు కట్టాను. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను, మిగతావి దారిలో వస్తాయి.

ముందు వెండిది. వెండి అంటాం గానీ బరువులో సగం దాకా పాదరసమే. మిగతాది వెండి, తగరం, రాగి కలిసిన పొడి. రెండూ కలిపితే వచ్చే ముద్దని గుంటలో కూరి గట్టిగా అదుముతారు. అది పంటికి అంటుకోదు. అందుకని ఊడి రాకుండా గుంటని లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా చెక్కుతారు. పుచ్చిన భాగంతో పాటు కాస్త మంచి పన్నూ పోతుందన్నమాట. అప్పట్లో నాకు ఇవేమీ తెలియవు. "ఒక రోజు అటువైపు నమలకండి" అన్నారు, నమల్లేదు. మొదటి రెండు వారాలు చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది. లోహం కదా, చలిని తిన్నగా లోపలికి పంపేస్తుంది. ఆ తర్వాత అక్కడ ఫిల్లింగ్ ఉన్న సంగతే మర్చిపోయాను. దానికి నేను ఇవ్వగల పెద్ద మార్కు అదే.

అందం మాత్రం అడక్కండి. కొత్తలో మెరిసింది, రెండేళ్ళకి నల్లబడింది, చుట్టూ ఉన్న పన్ను కూడా బూడిద రంగుకి తిరిగింది. పగలబడి నవ్వితే ఎదుటివాళ్ళకి కనిపిస్తుంది.

ఈమధ్య పాదరసం గురించి చదివి టెన్షన్ పట్టుకుంది. పాదరసం వాడకం తగ్గించాలని 2013లో కుదిరిన మినమాటా ఒప్పందంలో పళ్ళ ఫిల్లింగులూ ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ అయితే 2025 జనవరి 1 నుంచి, ఆ రోగికి తప్పదని డాక్టరు అనుకుంటే తప్ప, వెండి ఫిల్లింగులు ఆపేసింది. సరే, తీయించేద్దామని వెళ్ళాను. డాక్టరు అద్దం పెట్టి అటూ ఇటూ చూసి, "అంచులు బాగున్నాయి, కింద పుచ్చు లేదు. దీన్ని తొలిచేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువ లేస్తుంది. మంచి పన్ను ఇంకాస్త పోతుంది కూడా. ఎందుకండీ?" అన్నారు. మందులనీ వైద్య పరికరాలనీ నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో చెప్పినదీ ఇంచుమించు ఇదే. బాగున్న పాత వెండి ఫిల్లింగుని అవసరం లేకుండా తీయొద్దంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు ఇలా కొందరికి మాత్రం వీలైతే కొత్తగా పెట్టొద్దంది. నా సంగతి అడిగితే, ఇవాళ కొత్తగా వెండి పెట్టించుకోను. ఉన్నదాన్ని కదిలించను.

కాంపోజిట్ కథ వేరు. రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంలో సన్నటి గాజు పొడి కలిపిన ముద్ద అది. ముందు పంటికి ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్ రాసి గరుకు చేస్తారు. నాకు వాడినది నీలం రంగుది. చుక్క నాలుక మీద పడిందా, ఆ పులుపుకి ఒళ్ళు జలదరిస్తుంది. తర్వాత కడిగి, ఆరబెట్టి, జిగురు రాసి, ముద్దని సుమారు రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా పెడుతూ ఒక్కో పొర మీదా నీలి లైటు పట్టుకుంటారు. లైటుకి అది గట్టిపడుతుంది. ఆమ్లంతో ఎనామిల్‌ని, అంటే పంటి గట్టి పైపొరని, గరుకు చేస్తే రెసిన్ పట్టుకుంటుందని 1955లో మైకేల్ బ్యూనోకోర్ చూపించాకే ఈ పద్ధతికి దారి పడింది. పంటికి అంటుకుంటుంది కాబట్టి మంచి పన్నుని అనవసరంగా చెక్కక్కర్లేదు. కుర్చీలోంచి లేచేసరికే గట్టిపడి ఉంటుంది. మత్తు వదిలాక నమలొచ్చు.

ఇన్ని సుగుణాలుంటే ఇంకేం కావాలి అనిపిస్తుంది. 13 ఏళ్ళ కిందట ఎడమవైపు దవడ పన్నులో పెట్టించుకున్నప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఆరేళ్ళకే పోయింది. నొప్పేమీ రాలేదు. ఫ్లాస్ దారం సరిగ్గా అక్కడికి రాగానే పీచులు పీచులుగా చీలిపోయేది. దారం నాసిరకం అనుకుని రెండు కంపెనీలు మార్చాను. చివరికి ఎక్స్‌రే తీస్తే ఫిల్లింగ్ కింద నల్లటి నీడ కనిపించింది. అంచు దగ్గర సందు వచ్చి, అందులోంచి లోపల మళ్ళీ పుచ్చింది.

కారణం తర్వాత అర్థమైంది. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు కొద్దిగా ముడుచుకుంటుంది, నూటికి రెండు మూడు వంతులు. జిగురు గట్టిగా పట్టుంటే ఆ లాగుడుకి తట్టుకుంటుంది. ఉమ్మి తగిలిందంటే జిగురు పట్టదు. నా గుంటేమో రెండు పళ్ళ మధ్య, చిగురు దాకా దిగి ఉంది. మొదటిసారి రెండు దూది ఉండలు పెట్టి 20 నిమిషాల్లో ముగించారు. దూది తడిసి బరువెక్కడం నాలుకకి తెలుస్తూనే ఉంది, కానీ నోరు తెరిచి ఉన్న మనిషి ఏం చెబుతాడు? రెండోసారి వేరే చోటికి వెళ్ళాను. అక్కడ పంటికి పల్చటి రబ్బరు షీటు తొడిగి, ఆ పన్ను ఒక్కటీ పైకి కనిపించేలా బిగించారు. ముప్పావు గంట పట్టింది, దవడలు లాగేశాయి. ఆ ఫిల్లింగ్‌కి ఇప్పుడు ఏడేళ్ళు. ఫ్లాస్ టక్కున దిగి టక్కున పైకొస్తుంది. అందుకే ఎవరైనా ఏ కంపెనీ మెటీరియల్ మంచిదని అడిగితే, ఆ రబ్బరు షీటు, అంటే రబ్బర్ డ్యామ్, వేస్తారో లేదో ముందు కనుక్కోమంటాను.

ఇంకో చిన్న విషయం. ఫిల్లింగ్ అయ్యాక రంగు కాగితం పెట్టి "కొరకండి, ఎత్తుగా ఉందా?" అని అడుగుతారు. మత్తులో ఉన్న నోటికి ఏం తెలుస్తుంది, అందరిలాగే నేనూ "బాగుందండీ" అనేశాను. మర్నాడు మత్తు వదిలాక ఆ ఒక్క పన్నే ముందు తగులుతోంది, ఏం నమిలినా నొప్పి. వెళితే రెండు నిమిషాల్లో అరగదీశారు. మొహమాటపడి నాలుగు రోజులు ఆగడం నా తెలివితక్కువ.

సిమెంట్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. దాని అసలు పేరు గ్లాస్ అయానమర్. పంటికి తనంతట తానే అతుక్కుంటుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదులుతుంది, కాస్త తడి ఉన్నా ఓర్చుకుంటుంది. బలం మాత్రం తక్కువ, నమిలే చోట అరిగిపోతుంది. నాది బ్రష్‌తో అడ్డంగా రుద్ది రుద్ది చిగురు దగ్గర పడ్డ గాడి. రెండుసార్లు ఊడింది. మూడోసారి పెట్టాక మెత్తటి బ్రష్‌కి మారాను, అది నిలిచింది. తప్పు సిమెంట్‌దో నా చేతిదో మీరే చెప్పండి.

ఇప్పుడు అసలు పొరపాటు దగ్గరికి వస్తున్నాను. ఎనిమిదేళ్ళ కిందట పై ముందు పళ్ళ మధ్య పుచ్చు వస్తే కాంపోజిట్ పెట్టారు. పెట్టేముందు షేడ్ కార్డు తీశారు. ఏ1 నుంచి డీ4 దాకా 16 రంగుల నకిలీ పళ్ళు వరసగా గుచ్చి ఉండే పట్టీ అది. నా పళ్ళ పక్కన పెట్టి చూసి "ఏ3" అన్నారు. అతుకు ఎక్కడుందో నాకే తెలియనంత బాగా కలిసిపోయింది. రెండేళ్ళు హాయిగా గడిచాయి. తర్వాత ఒక పెళ్ళి ఫొటోలో నా నవ్వు చూసుకుని పళ్ళు పసుపుగా ఉన్నాయనిపించింది. వెళ్ళి క్లినిక్‌లో వైటెనింగ్ చేయించుకున్నాను.

చిగుళ్ళకి రబ్బరు లాంటి పూత వేసి, పళ్ళకి గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్ జెల్ రాశారు. ఇలా క్లినిక్‌లో వాడేది మామూలుగా 25 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. పావుగంటకోసారి మార్చి మూడు దఫాలు. పైన ఒక లైటు కూడా పెట్టారు. ఆ లైటు వల్ల అదనంగా నిలిచే తెలుపు పెద్దగా ఉండదని తర్వాత మరో డాక్టరు నవ్వుతూ చెప్పారు. ఆ రాత్రి నరకం. ఏమీ తగలకుండానే ముందు పళ్ళలో సన్నటి కరెంటు షాకులు, ఒకటి తర్వాత ఒకటి. రెండో రోజుకి తగ్గాయి.

మర్నాడు పొద్దున అద్దంలో చూసుకున్నాను. పళ్ళు నిజంగానే తెల్లగా ఉన్నాయి. ఆ తెల్లటి పళ్ళ మధ్యలో, సరిగ్గా ఎదుటివాళ్ళ చూపు పడే చోట, ఒక చిన్న పసుపుపచ్చ త్రికోణం. సున్నం వేసిన గోడ మీద పాత పెచ్చు మిగిలిపోయినట్టుంది. రెండేళ్ళు ఎవరికీ తెలియని ఫిల్లింగ్ ఒక్క రాత్రిలో బయటపడింది. పెరాక్సైడ్ పంటి లోపలి రంగుని విడగొట్టగలదు గానీ కాంపోజిట్‌నీ, క్యాపునీ తెల్లబరచలేదు. పైన పట్టిన మరకలు పోతాయేమో, దాని సొంత రంగు మాత్రం మారదు. ఈ ముక్క నాకు ముందే ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

వెంటనే మార్చేయమని పరిగెత్తాను. కనీసం రెండు వారాలు ఆగమన్నారు. వైటెనింగ్ అయ్యాక పంటిలో కొన్నాళ్ళు ఆక్సిజన్ మిగిలి ఉంటుంది, అది జిగురుని సరిగా గట్టిపడనివ్వదు. పైగా మొదట కనిపించే తెలుపులో కొంత, పన్ను తడారిపోవడం వల్ల వచ్చేది. తడి తిరిగి పట్టాక రంగు ఒక మెట్టు దిగి నిలబడుతుంది. ఆ దిగిన రంగుకి సరిపోయేలా ఫిల్లింగ్ పెట్టాలి. అలా రెండు వారాల పైన ఆ త్రికోణంతో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను. అప్పుడు ఏ1లో కొత్తది పెట్టారు.

ఏడాదిన్నర తిరిగేసరికి పళ్ళు మళ్ళీ కొంచెం పసుపెక్కాయి, ఏ1 ఫిల్లింగ్ మాత్రం ఏ1లోనే ఉంది. ఈసారి తేడా తిరగబడింది, మధ్యలో తెల్ల మచ్చ! టీ, కాఫీ మానలేనని నాకు తెలుసు. అందుకే ఇంటి పద్ధతికి వెళ్ళాను. పళ్ళ అచ్చు తీసి పల్చటి ట్రే చేసిచ్చారు. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్‌ని ఒక్కో పంటికీ అగ్గిపుల్ల తలంత వేసి రాత్రి పెట్టుకుని పడుకోవాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ లెక్కలో అది మూడున్నర శాతమే. హేవుడ్, హేమన్ అనే ఇద్దరు డెంటిస్టులు 1989లో ఈ పద్ధతిని ప్రచురించారు. అప్పటి నుంచీ ఇది వాడుకలో ఉంది.

నా వరకు ఇదే గెలిచింది. రెండు వారాలు పట్టింది, కానీ షాకులు లేవు. నాలుగో రోజు కాస్త జివ్వుమంటే ఒక రాత్రి మానేసి, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడాను. ఒకసారి జెల్ ఎక్కువై చిగురు మీదికి పొంగి, పొద్దునకి అక్కడ సున్నంలా తెల్లబడి మండింది. సాయంత్రానికి మామూలైంది. ఇంకోటి, ట్రే తీయగానే పళ్ళ మీద తెల్లటి మచ్చలు కనిపిస్తే కంగారు పడకండి, తడి పట్టాక నాకు సర్దుకున్నాయి. ఇప్పుడు ఏడాదికోసారి మూడు నాలుగు రాత్రులు పెడితే ఫిల్లింగ్‌కీ పళ్ళకీ రంగు కుదురుతోంది.

ఇవన్నీ చేసేముందు మామూలు క్లీనింగ్ చేయించుకుని చూడండి. పైన పట్టిన గార పోతేనే చాలామందికి సగం సమస్య తీరుతుంది. పుచ్చు పన్ను ఉంటే ముందు దాన్ని మూయించాలి. లేకపోతే జెల్ లోపలికి దిగి ప్రాణం తోడేస్తుంది. కనిపించే చోటైతే అప్పటికి తాత్కాలికంగా పెట్టించుకుని, తెలుపు పని అయ్యాక అసలుది పెట్టించుకోవచ్చు. దెబ్బ తగిలి ఒకే పన్ను నల్లబడితే ట్రేతో లాభం లేదు. అది నరం చచ్చిన పన్ను కావచ్చు, రూట్ కెనాల్ చేసి లోపలి నుంచి తెల్లబరుస్తారు. బొగ్గు పొడులూ నిమ్మరసమూ వద్దు. ఒకటి ఎనామిల్‌ని గీస్తుంది, ఇంకోటి కరిగిస్తుంది. అరిగిన ఎనామిల్ మళ్ళీ రాదు, కింద ఉన్న పసుపు పొర ఇంకా బాగా కనబడుతుంది.

ముందు పళ్ళ ఫిల్లింగ్‌కి ఇప్పుడు ఆరేళ్ళు. అంచు వెంట సన్నటి గోధుమ రంగు గీత వచ్చింది. ఒకసారి పాలిష్ పెట్టారు, మళ్ళీ వచ్చింది. ఈసారి మార్చాలన్నారు. నేనే ముందు చెప్పేశాను: రెండు వారాలు ట్రే, ఇంకో రెండు వారాలు ఆగడం, అప్పుడు షేడ్ కార్డు. "మీకు బాగానే తెలుసే" అన్నారు. నిన్న పాత ట్రే తీసి పెట్టుకుని చూశాను, ఇంకా సరిగ్గానే కూర్చుంటోంది. జెల్ సిరంజికి మాత్రం గడువు దాటిపోయింది, కొత్తది తెచ్చుకోవాలి.