కొట్టు పెట్టాలంటే డబ్బు: ఓగా (యజమాని) ఇచ్చేదా, సుసు పొదుపా, న్జాంగి చిట్టీయా, ఫోను అప్పా? ఏది మేలు?

ఇరవై ఏళ్ల కుర్రాడికి కొట్టు పెట్టుకోవాలని ఉంది. చేతిలో పైసా లేదు, తాకట్టు పెట్టడానికి గజం స్థలం లేదు, బ్యాంకువాళ్లు గడప ఎక్కనివ్వరు. ఆఫ్రికాలో ఒక్కో చోట ఈ ఇబ్బందికి ఒక్కో దారి వెతుక్కున్నారు. నాలుగింటిని పక్కపక్కన పెట్టి చూస్తే నా ఓటు నైజీరియాలోని ఇగ్బో అనే జాతివాళ్ల పద్ధతికే.

వాళ్లు దాన్ని 'ఇగ్బా బోయి' అంటారు. ఊళ్లోని పిల్లాడిని తెలిసిన వ్యాపారి దగ్గర చేరుస్తారు. ఆ వ్యాపారిని 'ఓగా' అని పిలుస్తారు. తిండి, బట్ట, పడక ఓగావే. జీతం మాత్రం ఉండదు. ఇలా ఐదు నుంచి ఎనిమిదేళ్ల దాకా సాగుతుంది. మొదట్లో కొట్టు ఊడవడం, మూటలు మోయడం, ఇంటి పనులు. తర్వాత సరుకులో అసలుదేదో నకిలీదేదో గుర్తుపట్టడం, బేరం తెంచడం, ఎవరికి అరువివ్వాలో ఎవరికి ఇవ్వకూడదో తెలుసుకోవడం. చివరికొచ్చేసరికి ఓగా ఊరెళ్తే గల్లాపెట్టె తాళం అతని చేతిలోనే ఉంటుంది. గడువు తీరాక ఓగా 'సెటిల్‌మెంట్' చేస్తాడు. అంటే కొంత పెట్టుబడి, కొంత సరుకు, ఒక్కోసారి కొట్టు అద్దె కూడా ఇచ్చి పంపుతాడు.

బట్టల కొట్లో ఇరవై ఏళ్లు గుమాస్తాగా చేసి, గుమాస్తాగానే ఇంటికెళ్లిపోయినవాళ్లను మన ఊళ్లలో చూస్తూ పెరిగాను. అందుకే ఈ పద్ధతి నన్ను కట్టిపడేసింది. తన దగ్గర పని నేర్చినవాడు అదే బజారులో, అదే సరుకుతో కొట్టు తెరుస్తాడని తెలిసే ఓగా డబ్బిస్తాడు. లాగోస్‌లోని అలాబా ఎలక్ట్రానిక్స్ బజారు, న్నేవీలోని మోటారు విడిభాగాల బజారు ఇలాగే పెరిగాయి. అడిగిన వస్తువు తన దగ్గర లేకపోతే పక్క కొట్టు నుంచి తెప్పించి ఇస్తారు, వచ్చిన గిరాకీని పోనివ్వరు. ఇగ్బోల ప్రాంతం నైజీరియా నుంచి బయాఫ్రా పేరుతో విడిపోవాలని చేసిన యుద్ధం 1970లో ఓటమితో ముగిశాక, బయాఫ్రా నోట్లు ఎన్ని జమ చేసినా ఇగ్బోల చేతికి 20 నైజీరియా పౌండ్లే వచ్చాయి. అంత దెబ్బ తిన్న జనం మళ్లీ వ్యాపారంలో లేచి నిలబడ్డారంటే అందులో ఈ పద్ధతి పాత్ర చాలా ఉంది.

లోపం లేదా అంటే, పెద్దదే ఉంది. ఒప్పందం చాలావరకు నోటి మాట. గడువు దగ్గరపడే వేళకి దొంగతనం అంటగట్టి వెళ్లగొట్టే ఓగాలూ ఉంటారు. అప్పుడు ఏడేళ్ల చాకిరీ మట్టిలో కలిసినట్టే. ఇంటి పెద్దల సాక్షిగా కాగితం రాయించుకోకుండా ఏ పిల్లాడినీ పంపకూడదు. ఇంకో లోపం, ఈ దారి దాదాపుగా మగపిల్లలకే తెరిచి ఉంటుంది.

ఘానాలో సుసు అనే రోజువారీ పొదుపు దారి వేరు. అక్రాలోని మకోలా లాంటి బజార్లలో కొట్ల దగ్గరికి డబ్బు వసూలు చేసే మనిషి రోజూ వస్తాడు, అతన్నే కలెక్టరు అంటారు. అమ్మే ఆమె చేతిలో గళ్ల కార్డు ఉంటుంది. రోజుకు పది సెడీలు (ఘానా డబ్బు) కడితే ఒక గడి నిండుతుంది. 31 గళ్లూ నిండితే కట్టింది 310 సెడీలు, చేతికొచ్చేది 300. ఒక రోజు కట్టింది కలెక్టరు కూలి. దాచుకున్నందుకు వడ్డీ రాకపోగా ఎదురు మనమే కట్టడం ఏమిటనిపిస్తుంది. కానీ ఆ డబ్బు ఇంట్లో ఉంటే బడి ఫీజుకో, అప్పడిగే చుట్టానికో పోతుంది. ఆమె చెల్లించేది డబ్బు నిలిచినందుకు. కలెక్టరు పరారైతే మాత్రం కార్డు ఉత్త అట్టముక్కే.

కామెరూన్‌లోని న్జాంగి మన చిట్టీకి అక్కచెల్లెలు లాంటిది. నెలనెలా అందరూ వేస్తారు, వంతు వచ్చినవాళ్లు ఎత్తుకుంటారు. కొన్నిచోట్ల మన చిట్టీ పాటలాగే పాడుకుంటారు. చావు, జబ్బు వస్తే ఆదుకోవడానికి విడిగా ఒక నిధి పెట్టుకునే గుంపులు కూడా ఉన్నాయి. మనవాళ్లు చూసి నేర్చుకోవాల్సింది ఆ నిధినే.

ఇక కెన్యా. 2007లో ఫోనులోనే డబ్బు పంపుకునే ఎంపెసా వచ్చింది. ఆ 'పెసా' మన పైసాయే, హిందూ మహాసముద్రం దాటి స్వాహిలీలో చేరింది. 2012లో వచ్చిన ఎమ్‌ష్వారీతో ఫోనులోనే అప్పు పుట్టింది. హామీ అక్కర్లేదు, నిమిషాల్లో డబ్బు పడుతుంది. మొదట్లో 30 రోజుల అప్పుకు రుసుము 7.5 శాతం ఉండేది. మన లెక్కలో ఏడున్నర రూపాయల వడ్డీ! పొద్దున టమాటాలకు వెయ్యి షిల్లింగులు తీసుకుని సాయంత్రానికి తీర్చేసినా ఆ 75 కట్టాల్సి వచ్చేది. తర్వాత పుట్టుకొచ్చిన అప్పుల యాప్‌లు ఫోనులోని చుట్టాలకు, స్నేహితులకు ఫోన్లు చేసి పరువు తీశాయి. 2020 చివర్లో తెలంగాణలో అవే వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లను చూశాం కాబట్టి దీని గురించి నాకు రెండో ఆలోచన లేదు. కొట్టు పెట్టడానికి ఈ అప్పు వద్దు.

కొట్టు పెట్టాలనుకునేది కుర్రాడైతే, కాగితం రాసిచ్చే ఓగా దొరికితే అటే వెళ్లాలి. ఆడపిల్ల అయితే న్జాంగి, లేదా కెన్యాలో అలాంటి గుంపే అయిన 'చామా'. అక్కడ చామా డబ్బును ఎంపెసాలోనే పంపుకునే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. నన్నడిగితే ఆ ఫోనును అంతవరకే వాడుకోవాలి.