నివేదిక పంపాలా, పరిశోధకుణ్ణే పంపాలా?

విశ్వవిద్యాలయాల సముద్ర, తీర పరిశోధన ప్రభుత్వ నిర్ణయాలకు చేరే దారుల్లో రెండు ముఖ్యమైనవి: సమగ్ర నివేదికలు రాయడం, పరిశోధకులనే కొంతకాలం ప్రభుత్వ కార్యాలయాల్లో నియమించడం.

నివేదికకు విస్తృతీ, ప్రామాణికతా ఎక్కువ. వాతావరణ మార్పుపై ఏర్పడిన అంతర్‌ప్రభుత్వ సంఘం 2019లో సముద్రాలు, మంచు ప్రాంతాలపై వెలువరించిన ప్రత్యేక నివేదిక సారాంశాన్ని ప్రభుత్వ ప్రతినిధులు వాక్యం వాక్యంగా పరిశీలించి ఆమోదించారు. కనుక ఆపై దాన్ని కాదనడం వారికి సులభం కాదు. అయితే అటువంటి పత్రానికి ఏళ్లు పడుతుంది. పైగా ఫలానా తీరంలో కోతను ఆపడానికి రాతిగోడ కట్టాలా, మడ అడవి పెంచాలా అన్న ప్రశ్నకు అది నేరుగా జవాబివ్వదు.

రెండో పద్ధతికి అమెరికాలో 1979లో మొదలైన క్నాస్ ఫెలోషిప్ మంచి ఉదాహరణ. దీని కింద ఎంపికైనవారు ఏడాదిపాటు చట్టసభ సభ్యుల కార్యాలయాల్లోనో, ప్రభుత్వ శాఖల్లోనో పనిచేస్తారు. సముద్రమట్టం అంచనాలను ఒకే అంకెగా కాక ఒక పరిధిగా ఎందుకు చెబుతారో, ఆ పరిధిలో పై అంచును ఎప్పుడు లెక్కలోకి తీసుకోవాలో ముసాయిదా రాస్తున్నప్పుడే వివరించగల మనిషి పక్కన ఉండటం చాలా విలువైన విషయం. గడువు ముగిశాక ఆ బంధం తెగిపోయే ప్రమాదం మాత్రం ఉంది.

అంతర్జాతీయ ఒప్పందాలకు నివేదికే ఆధారం కావాలి. చట్టాలు, నిబంధనలు రూపుదిద్దుకునే దశలో మాత్రం నా మొగ్గు రెండో పద్ధతి వైపే, ఎందుకంటే అక్కడ ప్రశ్నలు రోజురోజుకూ మారుతుంటాయి, ముద్రించిన పత్రాన్ని తిరిగి ప్రశ్నించడం కుదరదు.